ఖాళీగా కనబడ్డ శనివారం

శనివారం పొద్దున ఇల్మో కర్విలా పెట్టుకున్న పని ఒక్కటే. కాఫీ తాగి, నేలమాళిగలోకి దిగి, చలికాలమంతా కూర్చుని రాసిన సర్వర్‌ను నడిపించాలి. అది సవ్యంగా నడిస్తే ఆ భవనంలోని కాపురాలన్నిటికీ మేలు జరుగుతుంది. ఇల్మోకు నేలమాళిగలో గది మిగులుతుంది.

"అయితే ఇవాళ నీ మంచు మిషను లోకానికి ఉపకారం చేస్తుందన్నమాట," అంది భార్య కైసు, రొట్టె మీద వెన్న రాస్తూ.

"లోకానికి కాదు. మన భవనానికి."

"పోనీలే, ఎక్కడో ఒకచోట మొదలవ్వాలిగా. ఇరవై ఏళ్ళ నుంచి చూస్తున్నాను."

ఇల్మో కప్పులో మిగిలిన కాఫీ తాగేసి లేచాడు.

హల్లా ఒక ఆపరేటింగ్ సిస్టమ్. ఒకప్పుడు ఔలు పట్టణంలో నలుగురు ఇంజనీర్లు కలిసి తయారుచేశారు. పంటను మాడ్చే రాత్రి మంచు పేరే దానికి పెట్టారు. పేరు మహిమో ఏమో, మొలక దశలోనే కంపెనీ మూతపడింది. ఇప్పుడు భూమండలం మొత్తమ్మీద హల్లా వాడేవాళ్ళందరూ కలిసి ఒక బస్సు ఎక్కితే, నిలబడి ప్రయాణం చేయాల్సిన అవసరం ఎవరికీ రాదు. కాగితం మిల్లులో మీటర్లు బాగుచేసి రిటైరైన ఇల్మో, మిల్లువాళ్ళు పారేస్తున్న హల్లా మిషనును ఉద్యోగంలో ఉండగానే ఇంటికి తెచ్చుకున్నాడు. దాని ఫ్యాను మోత భరించలేక కైసు దాన్ని నేలమాళిగకు సాగనంపింది. సౌనా, అంటే ఆవిరిస్నానాల గది, పక్కనున్న చిన్న గదిలో అది స్థిరపడింది.

ఆ గది మీద చాలామందికి కన్నుంది. మూడో అంతస్తులో ఉండే రోన్యా అనే అమ్మాయికి పసిపిల్ల; పిల్ల బండి పెట్టుకోవడానికి చోటు లేక మెట్ల దగ్గర ఉంచుతోంది. జెండా, తాళాలు, మంచుకు జారకుండా చల్లే ఇసుక వగైరాలు చూసుకునే ఒయివా సైకిళ్ళకు కావాలన్నాడు. కిందటి శరదృతువు సమావేశంలో సంఘం అధ్యక్షురాలు హిల్కా రౌహాలా తీర్పు చెప్పింది. ఆవిడ ఒకప్పుడు హెడ్మిస్ట్రెస్. "వసంతం వచ్చేలోగా ఆ మిషను వల్ల భవనానికి ఏదైనా ఉపయోగం కనబడాలి. కనబడకపోతే గది ఖాళీ చేయాలి, ఇల్మో గారూ."

ఉపయోగం సౌనా రూపంలో ఎదురైంది. భవనానికి ఉన్నది ఒకే ఒక సౌనా. వారానికోసారి గంటసేపు ఆ ఆవిరిలో కూర్చునే హక్కు ఒక్కో కాపురానికి ఒక్కో వేళకు ఉంటుంది. మంగళవారం మధ్యాహ్నం కావాలంటే ఎవరికైనా దొరుకుతుంది. శుక్రవారం సాయంత్రానికి ఏళ్ళ తరబడి కాచుకోవాలి. శనివారం ఆరు గంటల వేళను మాత్రం ఎవరూ అడగను కూడా అడగరు. అది సైమా ఐయాలా గారిది. భర్త ఉన్నప్పుడు వాళ్ళిద్దరిదీ, ఆయన పోయాక ఆవిడ ఒక్కదానిదీ. అలాంటి వేళ చేతులు మారే దారి ఒక్కటేనని అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు.

ఈ వేళలన్నీ సౌనా తలుపుకు అంటించిన కాగితం మీద పెన్సిలుతో రాసి ఉండేవి. ఎవరో రబ్బరుతో తుడిచి తమ పేరు రాసుకోవడం, పేరు చెరిగిపోయినవాళ్ళు మళ్ళీ తుడవడం, చివరికి కాగితానికి చిల్లులు పడి తలుపు కనబడటం జరిగింది. అప్పుడు ఇల్మో లేచి, ఆ వేళలన్నిటినీ తన మిషనులో పెడతాననీ, ఎవరి ఫోనులోంచి వాళ్ళు చూసుకోవచ్చనీ మాటిచ్చాడు. దానికి ఒక సర్వర్ కావాలి, అంటే ఒక మిషనులోని ఫైళ్ళను మిగతావాళ్ళు నెట్‌వర్క్ మీదుగా తెరుచుకునేలా చేసే ప్రోగ్రాము. అన్ని సిస్టములకూ అలాంటివి ఎప్పుడో వచ్చాయి. హల్లాకు రాలేదు. అడిగినవాళ్ళూ లేరు.

ఇల్మో పట్టుదలంతా ఒక్క విషయం మీదే, అది తేలికగా ఉండాలి. లోకంలోని సర్వర్లన్నీ లారీల్లాంటివనీ, తనది మంచు మీద ఒంటికాలితో తోసుకుపోయే బండి అనీ చెప్పుకునేవాడు. వినేది కైసు ఒక్కతే. ఒక్కో సౌనా వేళకు ఒక్కో అర పెట్టాడు. ఆ వేళ ఎవరిదో వాళ్ళ పేరున్న చీటీ ఆ అరలో ఉంటుంది. ఖాళీ అర కనబడితే ఎవరైనా తమ పేరు చీటీ వేయవచ్చు. వేయగానే 'అందింది' అని జవాబు వస్తుంది.

తేలిక కోసం ఒక పని తెలిసే చేశాడు. సర్వర్ ఒక అరలోకి మాటిమాటికీ తొంగిచూసే శ్రమ పెట్టుకోదు. మొదటిసారి చూసినదే గుర్తుంచుకుని అడిగినవాళ్ళందరికీ అదే చూపిస్తుంది. ఇంత చిన్న భవనానికి దాంతో ఏం మునిగిపోతుందిలే అనుకున్నాడు. రెండోది తెలియక జరిగింది. దాచిపెట్టిన ఫైళ్ళ పేర్ల ముందు హల్లా ఒక గుర్తు ఉంచుతుంది. ఆ గుర్తుతో మొదలయ్యేవి సర్వర్ బయటివాళ్ళకు చూపించదు. వాళ్ళ లిపిలో నెత్తిన రెండు చుక్కలుండే ఒక అక్షరాన్నీ ఆ గుర్తునూ హల్లా ఒకటిగానే చూస్తుంది. చుక్కల అక్షరం పేరు మధ్యలో ఉంటే చిక్కేమీ లేదు. పేరే దానితో మొదలైతే ఆ చీటీ మాయమవుతుంది. ఆ భవనంలో అలా మొదలయ్యే ఇంటిపేరు ఒక్కటే ఉంది. అది ఐయాలా.

తొమ్మిదింటికి ఇల్మో మీట నొక్కాడు. సర్వర్ చప్పుడు లేకుండా లేచి కూర్చుంది. మెట్ల దగ్గర ప్రకటన అంటించి వచ్చేసరికే తెర మీద మొదటి చీటీ చేరినట్టు కనబడింది. ఇంకాసేపటికి రెండోది. తర్వాత గబగబా ఇంకొన్ని. ఎవరివో, ఏ అరలోవో ఇల్మో చూడలేదు. వాన కోసం ఎదురుచూసిన రైతు చినుకుల్ని విడివిడిగా చూడడు. తన ప్రోగ్రామును తాను తప్ప ఇంకో మనిషి వాడటం అతని జీవితంలో అదే మొదలు.

కైసుకు చెప్పాలని పైకి బయల్దేరితే మెట్ల మీద రోన్యా ఎదురైంది. చంకలో పాప, చేతిలో ఫోను, కళ్ళలో నీళ్ళు.

"ఇల్మో గారూ, మీకు ముందే తెలుసా?"

అరలు చూసే వస్తోందని ఇల్మోకు అర్థమైంది. ఇంత కదిలిపోతుందని మాత్రం అనుకోలేదు.

"తెలియకపోవడమేంటి? ఆర్నెల్ల నుంచి చూసుకుంటున్నది నేనేగా."

"ఆర్నెల్లా! ఎవరితోనూ ఒక్క మాటైనా అనలేదే?"

"మధ్యలో చెప్పి నవ్వులపాలవడం ఎందుకని. అయ్యాక ఎలాగూ అందరికీ తెలుస్తుంది."

రోన్యా గొంతు సవరించుకుంది. "మరి, బాధ ఏమైనా...?"

"మొదట్లో చాలా. ఉన్నట్టుండి బిగుసుకుపోవడం, ఎంత పిలిచినా పలక్కపోవడం. నేను దగ్గరే కూర్చునేవాణ్ణి. ఇవాళ మాత్రం ఎంత ప్రశాంతంగా జరిగిపోయిందంటే, చప్పుడే లేదు."

"ఆఖరి నిమిషంలో కూడా మీరు పక్కనే ఉన్నారా?"

"ఉండటమేంటమ్మా, మీట నొక్కిందే నేను," అన్నాడు ఇల్మో వినయంగా.

రోన్యా పాపను గట్టిగా హత్తుకుని ఒక మెట్టు వెనక్కి వేసింది. ఆమెకు ఆస్పత్రి యంత్రాలు గుర్తొచ్చాయి. "మీ గుండె ధైర్యం నాకు లేదండీ," అని మాత్రం అని, తిన్నగా ఒయివా తలుపు తట్టింది.

ఒయివా పూర్వం బస్సు నడిపేవాడు. ఏ విషయంలోనూ తొందరపడడు, ఏదీ వదిలిపెట్టడు. ఆమె చెప్పింది విని, టోపీ తీసి కాసేపు పట్టుకున్నాడు. తర్వాత ఫోను తెరిచి శనివారం ఆరు గంటల అర చూశాడు. ఖాళీగా ఉంది. కాసేపు ఆలోచించి తన పేరు చీటీ వేశాడు. 'అందింది' అని వచ్చాక కోటు తొడుక్కుని ఆవరణలోకి వెళ్ళాడు. భవనంలో మనిషి పోయినప్పుడు జెండాను మొదట కొస దాకా ఎక్కించి, ఆ తర్వాతే సగానికి దించాలి. ఆ పద్ధతి ఏమాత్రం తప్పకుండా దించి, మార్చి నెల ఈదురుగాలిలో ఒక నిమిషం నిలబడ్డాడు.

కిటికీ దగ్గర నిలబడ్డ కైసు ముందుగా చూసింది. "ఇల్మో, జెండా సగంలో ఉంది. ఎవరు పోయారు?"

ఇల్మోకు తెలియదు. కైసు శాలువా కప్పుకుని కిందికి వెళ్ళి, వెళ్ళినంత వేగంగా తిరిగొచ్చింది.

"ఒయివా ఏమన్నాడో తెలుసా? 'మీ ఆయన పక్కనే ఉన్నాడట కదా, ఆయన్నే అడగండి' అన్నాడు."

"ఎవరి పక్కన?"

"పోయినవాళ్ళ పక్కన."

"పొద్దుట్నుంచి నేనున్నది మిషను పక్కన," అన్నాడు ఇల్మో. అని, ఆగిపోయాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇల్మో ముఖం నెమ్మదిగా ఎర్రబడింది. "మిషను! నా మిషను పోయిందని జెండా దించాడు!"

"ఛ, ఒయివా అంత పని చేస్తాడా?"

"సైకిళ్ళకు గది కావాలన్నది ఎవరు? 'ఆ పెట్టె ఎప్పుడో చచ్చింది, పాతిపెట్టడమే మిగిలింది' అని పోయిన సమావేశంలో అన్నది ఎవరు?"

కైసు ఆలోచించింది. ఇరవై ఏళ్ళుగా ఆ పెట్టెను తను అన్న మాటలతో పోలిస్తే అదేం పెద్ద మాట కాదు. కానీ దేశపు జెండాతో ఎగతాళి చేయడం వేరు. "అలా చేసుంటే మాత్రం పద్ధతి కాదు," అంది గంభీరంగా. ఇల్మో ఆవిడ నోట తన పక్షాన ఒక మాట విని చాలా కాలమైంది. కోపంలో ఉండి ఆ సంగతి గమనించలేదు.

అతను కిందికి దిగి వీధి గుమ్మం దగ్గరకు వచ్చేసరికి సైమా ఐయాలా గారు సంతలోంచి తిరిగొస్తున్నారు. చేతిసంచిలో నల్ల సాసేజీ పొట్లం, పొగలు కక్కుతోంది. ఎనభై దాటిన మనిషి, కర్ర లేకుండా మంచుగడ్డ మీద నడిచి వచ్చి, జెండా ముందు ఆగి తల వంచారు.

"ఎవరు, ఇల్మో?"

"ఎవరూ కాదు సైమా గారూ. కావాలని దించారు. నన్ను ఏడిపించడానికి."

"జెండాతో ఎవరూ ఆటలాడరయ్యా. నీకు చెప్పి ఉండరు, అంతే. ఈ భవనంలో ఎవరూ ఎవరికీ ఏదీ చెప్పి చావరు." ఆవిడ నిట్టూర్చి లిఫ్టు ఎక్కారు.

పైన ఆవిడ గుమ్మం ముందు తెల్లపూల గుత్తి, వెలుగుతున్న కొవ్వొత్తి ఉన్నాయి. రోన్యా పెట్టి వెళ్ళింది. సైమా గారు వాటిని చూసి, తలుపు మీద పేరు చూసి, పెట్టినవాళ్ళు పొరబడ్డారని నిర్ణయించారు. ఎదురుగా ఉండేది హిల్కా. హిల్కాకు ఔలులో జబ్బుపడ్డ అన్నయ్య ఉన్నాడు. పాపం, ఆయనే అయ్యుంటాడు. దుఃఖంలో ఉన్నవాళ్ళ గంట నొక్కకూడదని, కొవ్వొత్తి ఆరిపోకుండా చెయ్యి అడ్డుపెట్టి, పూలతో సహా హిల్కా గుమ్మం ముందుకు జరిపి, లోపలికెళ్ళి పిండి కలపడం మొదలుపెట్టారు. ఇదంతా తర్వాత బయటపడ్డ సంగతి.

కాసేపటికి హిల్కా నేలమాళిగలోకి వచ్చింది. నల్లకోటు వేసుకుంది. మనిషి మామూలుగా లేదు.

"ఇల్మో గారూ, ఇవాళ్టికి దీన్ని ఆపేస్తే మర్యాదగా ఉంటుందేమో."

ఇల్మో అనుకున్నంతా అయింది. అధ్యక్షురాలు కూడా వాళ్ళలో కలిసిందన్నమాట. "ఎందుకు ఆపాలి? చక్కగా నడుస్తోంది. అందరూ చీటీలు వేస్తున్నారు."

"తెలుసు." హిల్కా తల దించుకుంది. "నేనూ వేశాను. వేసిన దగ్గర్నుంచి మనసు మనసులో లేదు."

"అందులో తప్పేముంది? అందుకేగా ఇదంతా పెట్టింది!"

"ఇంత త్వరగానా?"

"త్వరగా అవ్వాలనే కదా ఇన్నాళ్ళూ కష్టపడ్డాను."

హిల్కా అతని వైపు చూసిన చూపు, బడి రోజుల్లో చాలా పెద్ద తప్పులకు దాచుకున్నది. "ఎవరో నా గుమ్మం ముందు కొవ్వొత్తి పెట్టారు," అంది సన్నగా. "పూలు కూడా. నేను చీటీ వేశానని తెలిసినవాళ్ళెవరో. అలా వేలెత్తి చూపించారు. నాకు ఆ శిక్ష కావలసిందే."

చీటీ వేసినవాళ్ళను కూడా బెదిరిస్తున్నారని ఇల్మోకు అర్థమైంది. ఇంక ఊరుకోదలచుకోలేదు. తిన్నగా ఆవరణలోకి వెళ్ళాడు. ఒయివా బకెట్లోంచి ఇసుక తీసి దారి మీద చల్లుతున్నాడు.

"ఒయివా గారూ, ఆ జెండా ఎందుకు దించారో నాకు తెలుసు."

"మీకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుందండీ," అన్నాడు ఒయివా మృదువుగా. "మీకు ఎంత కష్టంగా ఉందో నాకు తెలుసు."

ఆ మృదుత్వం ఇల్మోకు కారం రాసినట్టు తగిలింది. "మీరు తొందరపడ్డారు. ఇంకా ప్రాణంతోనే ఉంది."

ఒయివా చేతిలోంచి ఇసుక రాలడం ఆగిపోయింది. "ఏమన్నారు?"

"కింద, నా గదిలో ఉంది. చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా తగులుతుంది. అనుమానమైతే ఆరింటికి రండి. అందరూ చూస్తుండగా మూత తీసి మరీ చూపిస్తాను."

ఒయివా చాలాసేపు అతని కళ్ళలోకి చూశాడు. తర్వాత బకెట్ కింద పెట్టి, పిచ్చి ముదిరిన మనిషితో మాట్లాడే గొంతుతో, "వస్తాను. తప్పకుండా వస్తాను. అంతదాకా మీరు ఒక్కరూ ఏమీ చేయకండి," అన్నాడు. ఇల్మో ఆ లొంగుబాటుకు సంతోషించి వెనక్కి తిరిగాడు.

ఆరింటికి ఇల్మో మంచి కోటు వేసుకుని, మిషను మూత మరలు సడలించి ఉంచాడు. పక్కన సౌనా బట్టలు మార్చుకునే గదిలోంచి అలికిడి వినబడింది. అలికిడి పెరుగుతూ పోయింది. ప్రేక్షకులు ఇంతమందా అనుకుంటూ వెళ్ళి తలుపు తీశాడు.

నలుగురు పట్టే గదిలో ఏడు కాపురాలు నిలబడి ఉన్నాయి. అందరి చంకల్లోనూ తువ్వాళ్ళు, కొందరి చేతుల్లో నీళ్ళ బకెట్లు. రోన్యా, ఆమె మొగుడు, పాప. హిల్కా నల్లకోటు మీద తెల్లతువ్వాలు వేసుకుంది. ఒయివా ఒక చేత్తో సబ్బుపెట్టె, ఇంకో చేత్తో పెద్ద టార్చిలైటు పట్టుకున్నాడు. ఎవరూ ఎవరినీ చూడటం లేదు. అందరూ నేలను చూస్తున్నారు. అక్కడ గట్టిగా ఊపిరి పీలుస్తున్నది లోపలి పొయ్యి ఒక్కటే.

చివరికి రోన్యా మొగుడు గొంతు విప్పాడు. "మాకు ఆరింటి వేళకు అందిందని వచ్చింది."

"మాకూ అలాగే వచ్చింది," అన్నారు రెండో అంతస్తువాళ్ళు.

"నాకు పొద్దున పదిన్నరకే వచ్చింది," అంది హిల్కా. అని, అలా అన్నందుకు కళ్ళు మూసుకుంది.

అప్పుడు వెనక తలుపు తెరుచుకుంది. సైమా ఐయాలా గారు లోపలికి వచ్చారు. భుజాన తువ్వాలు, ఒక చేతిలో కాఫీ ఫ్లాస్కు, ఇంకో చేతిలో గుడ్డ కప్పిన పళ్ళెం. యాలకుల బన్నుల వాసన గది నిండా వ్యాపించింది.

ఒయివా చేతిలోంచి సబ్బుపెట్టె జారి నేల మీద దొర్లుకుంటూ వెళ్ళింది. సైమా గారు పళ్ళెం బెంచీ మీద పెట్టి, తిన్నగా హిల్కా దగ్గరికి నడిచి ఆమె రెండు చేతులూ పట్టుకున్నారు.

"ధైర్యం తెచ్చుకో హిల్కా. మంచివాడు. ఇంక నెప్పీ గిప్పీ ఏమీ ఉండదు ఆయనకి."

"ఎవరికి?" అంది హిల్కా.

"మీ అన్నయ్యకి."

"మా అన్నయ్య బాగానే ఉన్నాడు."

"మరి పోయిందెవరు?"

హిల్కా తన ఉద్యోగ జీవితంలో ఎన్నో చేదు వార్తలు తల్లిదండ్రులకు చెప్పింది. నిటారుగా నిలబడింది.

"మీరు," అంది.

సైమా గారు కాసేపు ఆలోచించారు. "ఎప్పుడు?"

"పొద్దున తొమ్మిదింటికి. ఇల్మో గారు పక్కనే ఉన్నారు."

అందరూ ఇల్మో వైపు తిరిగారు. ఇల్మో గుడ్లప్పగించి చూశాడు. సర్వర్, జెండా, కొవ్వొత్తి, ఒయివా మృదుత్వం ఒకదాని వెనక ఒకటి వచ్చి అతని తలలో నిలబడ్డాయి. తన గదిలోకి పరిగెత్తి, మిషను లోపల్నుంచి శనివారం అర తెరిచి చూశాడు. అన్నిటికంటే ముందు సైమా గారి చీటీ ఉంది, భద్రంగా. దాని వెనక ఏడు చీటీలు వరసగా ఉన్నాయి. తిరిగొచ్చి, గోడకు ఆనుకుని, చుక్కల సంగతీ, ఒకసారి చూసిన అరను మళ్ళీ చూడని సంగతీ ఉన్నదున్నట్టు చెప్పాడు.

"అంటే నా పేరు నెత్తిన చుక్కలున్నాయని నన్ను చంపేశావు," అన్నారు సైమా గారు.

"చంపలేదండీ. దాచింది. నా సర్వర్ మిమ్మల్ని దాచడం వరకే చేసింది."

"అయితే చంపింది వీళ్ళు." ఆవిడ ఒక్కొక్కరి తువ్వాలు వంకా వరసగా చూశారు. "సైమా పోయిందని తెలియగానే మీకు తోచిన మొదటి పని, నా శనివారం పట్టుకోవడం."

"మొదటిది కాదండీ," అన్నాడు ఒయివా, గాయపడినట్టు. "మొదట జెండా..." ఆపై అతనిలోని నిజాయితీ అడ్డుపడింది. "లేదండీ. మొదట చీటీయే. తర్వాత జెండా."

"నేనూ ముందు చీటీ వేశాకే ఏడ్చాను," అంది రోన్యా, మళ్ళీ ఏడుస్తూ.

సైమా గారు బెంచీ మీద కూర్చున్నారు. ఫ్లాస్కు మూత తిప్పి కాఫీ పోసుకున్నారు. కప్పు చివరికంటా తాగారు. తిడతారని అందరూ సిద్ధపడి ఉన్నారు. ఇల్మో అయితే గదీ మిషనూ పోయినట్టేనని మనసులో మూటలు కట్టుకుంటున్నాడు.

"నేను ఆవిరిలోకి వెళ్ళి రెండేళ్ళయింది," అన్నారావిడ.

ఎవరికీ అర్థం కాలేదు.

"గుండె తట్టుకోదని డాక్టరు వద్దన్నాడు. ప్రతి శనివారం పొయ్యి వేడెక్కిస్తాను. ఈ బెంచీ మీద కూర్చుని పత్రికలో పదాల గళ్ళు నింపుకుంటాను. గంటయ్యాక జుట్టు కాస్త తడుపుకుని, బుగ్గలు నలుపుకుని పైకి పోతాను."

"ఎందుకండీ?" అన్నాడు రోన్యా మొగుడు. "ఎవరికైనా ఇచ్చేస్తే పోయేదిగా?"

"ఇస్తే ఏమనుకుంటారు? ముసలిది శనివారం వదులుకుంది, ఇంక రోజులు దగ్గరపడ్డాయి అనుకుంటారు. మెట్ల మీద జాలిగా చూస్తారు. తలుపు మెల్లిగా తడతారు. వెంటనే ఈ ఒయివా వెళ్ళి జెండా తాడుకు నూనె రాస్తాడు." ఆవిడ కప్పు కింద పెట్టారు. "ఆ భయంతో రెండేళ్ళు ఇక్కడ ఊరికే కూర్చున్నాను. ఇప్పుడు మీరు జెండా దించేశారు, పూలు పెట్టేశారు, ఆస్తి పంచేసుకున్నారు. ఇంక నాకు భయపడటానికి ఏం మిగిలింది?"

ఆవిడ నవ్వలేదు. కానీ ఇల్మోకు అంతకుముందు ఎప్పుడూ ఆవిడ భుజాలు అంత తేలిగ్గా కనబడలేదు.

"పొయ్యి మండుతోంది, ఊరికే పోనివ్వకండి," అన్నారు లేస్తూ. "ఆడవాళ్ళు ముందు, మగవాళ్ళు తర్వాత. పాపను నాకివ్వు రోన్యా. నేనిక్కడే ఉంటాను. బన్ను ఒక్కొక్కరికి ఒకటే, నేను ఏడిళ్ళకు చేయలేదు, ఒక్క దుఃఖానికి చేశాను."

ఆ సాయంత్రం మగవాళ్ళు తువ్వాళ్ళతో నేలమాళిగ నడవలో వరసగా కూర్చుని వంతు కోసం కాచుకున్నారు. ఒకే మెట్ల మీద ఏళ్ళ తరబడి ఎక్కి దిగుతున్నవాళ్ళు మొదటిసారి ఒకరి పేర్లు ఒకరు సరిగ్గా తెలుసుకున్నారు. ఒయివా ఇల్మో పక్కకు జరిగి, "మీరు మూత తీసి చూపిస్తానన్నది..." అని ఆగాడు.

"మిషను మూత."

"ఆఁ. అదే అనుకున్నాను," అన్నాడు ఒయివా, టార్చిలైటు తువ్వాలు కిందికి తోసేస్తూ.

వారం పాటు ఇల్మో నేలమాళిగ వదిలి రాలేదు. చుక్కల అక్షరాన్ని సరిచేశాడు. అడిగిన ప్రతిసారీ అరలోకి కొత్తగా చూసేలా సర్వర్‌ను మార్చాడు. దాంతో అది మునుపటంత తేలికగా లేదు. ఆ బాధ అతను ఎవరికీ చెప్పుకోలేదు. సమావేశం రోజున లేచి నిలబడి, ఇకమీదట ముందు వేసిన చీటీ ఒక్కటే నిలుస్తుందనీ, తర్వాతివాళ్ళకు అర నిండినట్టే కనబడుతుందనీ, జరిగినదానికి తనను క్షమించాలనీ, గది ఎప్పుడు ఖాళీ చేయాలో చెబితే చేస్తాననీ అన్నాడు.

హిల్కా కళ్ళద్దాలు తీసింది. "మిగతా వేళలకు అలాగే ఉంచండి. శనివారం ఆరింటికి మాత్రం మీరు బాగుచేసింది తీసేయండి."

"తీసేయడమేంటి?"

"ఎంతమంది వేసినా అందరికీ అందిందనే రావాలి. పోయినసారి లాగే. సైమా గారి షరతు అది."

"అది తప్పండీ," అన్నాడు ఇల్మో, నెత్తురు చుక్క లేని ముఖంతో. "సర్వర్ అలా చేయడం తప్పు."

"ఆ తప్పు రాయడానికి నీకు ఆర్నెల్లు పట్టింది కదా," అన్నారు వెనక వరసలోంచి సైమా గారు. "ఇప్పుడు వృథా చేస్తావా?"

గది సంగతి రోన్యా తేల్చింది. మిషను వేడికి పిల్ల బండి తడి ఆరుతుందనీ, రెండూ ఒకే గదిలో ఉండవచ్చనీ అంది. ఇంటికెళ్ళాక కైసు కాఫీ పోసి అతని ఎదురుగా కూర్చుంది. "ఇరవై ఏళ్ళలో దానివల్ల ఒక మనిషికి మేలు జరిగింది. అది చెడిపోయినప్పుడు." ఆ తర్వాత, అతను ఎదురుచూడని విధంగా, "ఇంకోసారి చెప్పు, అదేదో మంచు మీద బండి అంటావు కదా," అంది. ఇల్మో మొదట్నుంచీ చెప్పాడు. ఆమె చివరిదాకా వింది.

అప్పట్నుంచి శనివారం ఆరు గంటల వేళ ఎవరిదన్న ప్రశ్న ఆ భవనంలో మళ్ళీ రాలేదు. సౌనాలో ఆవిరి బాగా తగిలే పై మెట్టు మీద ఎవరు కూర్చోవాలన్న విషయం తేల్చడానికి సంఘం ఒక ఉపసంఘాన్ని నియమించింది.